దళం తీసింది అన్న

"ఆలస్యంగా వచ్చారు, బాల్‌రాజ్ గారూ. ముద్దాయి ఒప్పేసుకున్నాడు."

స్పెషల్ ఇన్‌స్పెక్టర్ కోటిలింగం కుర్చీలోంచి లేవలేదు. పోలీస్ యాక్షన్ అయినప్పటి నుంచి ఇబ్రహీంపట్నం బడి ఆయన క్యాంపుగా మారింది. నల్లబల్ల మీద పాత ఎక్కాలు ఇంకా చెరగలేదు. దానికింద తుపాకులు వరసగా ఆనించి ఉన్నాయి.

"ఏమని ఒప్పుకున్నడు?" అడిగాడు బాల్‌రాజ్. నిన్నమొన్నటిదాకా నిజాం రహస్య పోలీసుల ఖుఫియా శాఖలో పనిచేసి, ఆ శాఖ మూతపడ్డాక పట్నంలో సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నవాడు.

"దళాన్ని పిలిపించింది తనేనని. నాదర్‌గుల్ నుంచి. ఆరుగుర్ని. ఇంతకంటే ఏం కావాలి?"

జరిగింది ఇదీ. ఆదివారం పొద్దున జంగారెడ్డి కొత్తింట్లో, ఇనుపపట్టా మీద చక్రాలతో జరిగే టేకు తలుపు దూలంతో సహా విరుచుకుపడింది. దానికింద జంగారెడ్డి తమ్ముడు కిష్టారెడ్డి నలిగిపోయాడు. ఇప్పుడు పట్నం దవాఖానలో తెలివి లేకుండా పడివున్నాడు. తలుపు బిగించింది మత్తయి. మిషన్ బడిలో వడ్రంగం నేర్చినవాడు. అదే రోజు సాయంత్రం అతణ్ణి పట్టుకొచ్చారు. సంఘంవాళ్ల తుపాకి దళంతో కలిసి దొర తమ్ముణ్ణి చంపబోయాడని నేరం.

మత్తయి అలాంటివాడు కాడని నమ్మిన మనిషి ఒక్కతే ఒక్కతి. ఆమె కిష్టారెడ్డి భార్య భూలక్ష్మి. బాల్‌రాజ్‌ను పిలిపించింది ఆమే.

"ఇంకో సాక్ష్యం కూడా ఉంది." కోటిలింగం వేలు ఎత్తాడు. "తలుపు కిందినుంచి లాగేసరికి కిష్టారెడ్డి ఒకే ముక్క అన్నాడు. 'దళం తీసింది, అన్నా' అని. దూలం కింద ఊత ఉండేదట. దాన్ని దళం లాగేసిందని అన్నగారికి చెప్పి స్పృహ తప్పాడు. చావుబతుకుల్లో ఉన్నవాడు అబద్ధం చెబుతాడా?"

"ఆ మాట మీరు విన్నరా?"

"జంగారెడ్డి గారు చెప్పారు."

"మత్తయితోని జర మాట్లాడుత."

"మాట్లాడండి. పట్నం లారీ బయలుదేరేలోపు." బయట డ్రైవరు ఇంజన్‌లో నీళ్లు పోస్తున్నాడు. ఆ రోజుల్లో దళం పేరుమీద లారీ ఎక్కినవాడి కోసం ఇంటివాళ్లు గుమ్మంలో కూర్చోవడమే తప్ప చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి బాల్‌రాజ్‌కు తెలుసు, కోటిలింగానికీ తెలుసు.

మత్తయి చేతులకు బేడీలున్నాయి. కింది పెదవి చిట్లింది. బాల్‌రాజ్ అతని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మత్తయ్యా, నిజం చెప్పు. దళం ఎవరు తెప్పించిన్రు?"

"నేనే దొరా. తప్పయింది." మత్తయి కళ్లు నేలమీదే ఉన్నాయి. "నాలుగైతే ఆగదు, ఆరు కావాలంటి. ఆరు వచ్చినా ఆగకపాయె."

"ఎవరికి చెప్పినవ్?"

"పెద్దదొరకే. నాదర్‌గుల్ నుంచి తెప్పిస్త అన్నడు. శనివారం వచ్చింది. ఎక్కిచ్చినం."

కోటిలింగం పకపకా నవ్వాడు. "విన్నారా? దొరగారికే చెప్పి దళాన్ని రప్పించాడట! దెబ్బకు మతి చెడినట్టు నటన."

"ఎక్కిచ్చేటప్పుడే శంక వచ్చె దొరా. ఆరుగురం ఎత్తాలె. నలుగురమే ఎత్తినం. అప్పుడన్న ఆగి ఆలోచన చేయకపోతి. చిన్నదొర పానం మీదికి నా చేతులతోనే తెస్తి…" మత్తయి బేడీల చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

"రాసుకో," అన్నాడు కోటిలింగం గుమ్మంలోని రైటరుతో. "ఆరుగురిలో నలుగురు స్వయంగా పాల్గొన్నారు."

బాల్‌రాజ్ లేచాడు. ఏదో పొంతన కుదరడం లేదు. మనిషి ఏడుస్తున్నాడు, కానీ పట్టుబడిన ఏడుపు కాదది. పని చెడిపోయిన ఏడుపు.

"నేను కొత్తిల్లు చూడాలె."

"నేనూ వస్తాను. ఒంటరిగా వదిలితే మీరు అక్కడ ఏ సాక్ష్యం పుట్టిస్తారో!" కోటిలింగం టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఈసారి నవ్వకుండా అన్నాడు: "ఒక మాట చెబుతాను బాల్‌రాజ్ గారూ. పోయిన వారం మంచాల దారిలో నా కానిస్టేబుల్ని కాల్చి చంపి, రైఫిల్ ఎత్తుకుపోయారు. నూకయ్య. కాకినాడ జాలరి, పడవ మీద పుట్టాడు. వాళ్లమ్మకు నేనే ఉత్తరం రాయాలి. మూడుసార్లు మొదలుపెట్టాను. ఆ దళాన్ని ఈ మత్తయి చూపిస్తాడు. చూపించక తప్పదు."

బాల్‌రాజ్ ఆయన మొహంలోకి చూశాడు. ఆ కళ్లలో కనిపించింది పంతం మాత్రమే కాదు.

*

కొత్తింటికి పైకప్పు సగమే వేసి ఉంది. వడ్లు నింపడానికి కట్టిన లోపలి గది ముందు తలుపు బోర్లా పడి ఉంది. రెండు మంచాలంత వెడల్పు, ఇనుప బద్దీలు. పక్కన ఇనుపపట్టా వంకర తిరిగి ఉంది.

"దూలమేది?" అడిగాడు బాల్‌రాజ్.

"సగం పొయ్యిల పెట్టినం." జంగారెడ్డి గొంతు గోడల మధ్య గంభీరంగా మోగింది. ఎర్రటి మనిషి, తెల్లటి తలపాగా. సంఘం జోరు మీదున్నప్పుడు పట్నంలో తలదాచుకుని, పోలీస్ యాక్షన్ తరవాత మిలిటరీ వెనకే ఊళ్లోకి వచ్చినవాడు. "నెత్తురు తాగిన కట్టె ఇంట్ల ఉండొద్దని మా అమ్మ మొత్తుకున్నది. మిగిలిన సగం తలుపు కింద ఇరుక్కున్నది. రేపు అదీ కాలుస్తం."

"కాల్చుడెందుకు జంగారెడ్డీ? తలుపు లేపుదం. కిందేమున్నదో చూద్దం."

"నువ్వెవరయ్యా నా ఇంట్ల తలుపులు లేపుతందుకు? నా మరదలు పిలిస్తే ఉరికొచ్చినవ్. ఆడిదాని మాటకు పోలీసుల పని చెడగొడ్తవా?" జంగారెడ్డి ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "సారూ, గీయన నవాబు జమానాల ఖుఫియావోడు. గప్పుడు మన మీద చాడీలు చెప్పిండు. గిప్పుడు సంగపోళ్ల దిక్కు వకాల్తా పుచ్చుకున్నడు."

"ఆ మాట నేనూ అంటాను," అన్నాడు కోటిలింగం.

"ఇద్దరూ అన్నరు గద," అన్నాడు బాల్‌రాజ్ శాంతంగా. "ఇగ లేపుదం. కింద ఏం లేకపోతే నేనే లారీ ఎక్కుత, మత్తయి పక్కన కూసుంట."

కోటిలింగానికి ఆ పందెం నచ్చింది. "సరే. మనుషుల్ని పిలిపించండి."

జంగారెడ్డి భుజం మీది కండువా సర్దుకున్నాడు. "మీ ఇష్టం. నాకు పట్నం పోవాలె. తమ్ముడు కండ్లు తెరిచిండని కబురొచ్చింది. మీ లారీల పోత సారూ. మంచాల దిక్కు దళం జాడ తెలిస్తే మీవోళ్లకు చెప్త."

"మంచిది. హెడ్డు కానిస్టేబుల్‌తో నేను చెప్పానని చెప్పండి. మా వాళ్లు మీ మాట వింటారు."

జంగారెడ్డి వెళ్లిపోయాడు. గడ్డపారలతో కూలీలు వచ్చారు. వాళ్లు తలుపు అంచు కింద రాళ్లు పేరుస్తుండగా భూలక్ష్మి పెరటి దారిన వచ్చి నిలబడింది. రెండు రోజులుగా నిద్ర లేని కళ్లు.

"ఈ తలుపు కథేంది చెల్లె, మొదటినుంచి చెప్పు."

"ఏం కథ అన్నా! మా బావ పట్నంల మూతబడ్డ గోదాంల కొన్నడు. రెక్కల తలుపైతే సంగపోళ్లు తంతే ఊడుతది, ఇదైతే ఊడదన్నడు. మా అత్త అనంతమ్మ గడప లేని అర్రకు లచ్చిమి రాదని ఒకటే లొల్లి. గడప పెడితే తలుపు జరగదు, పెట్టకపోతే ఆమె అన్నం తినది. ఆఖరికి నేల చెక్కి గడపను లోపటికి దించిన్రు." ఆ దుఃఖంలోనూ ఆమె మూతి చివర ఒక నవ్వు మెరిసి ఆరింది. "తలుపు ఎక్కిచ్చినంక ఇంకో పంచాయితి. ఎవ్వలు ముట్టకున్నా అదే జరుక్కుంట నడిమికొచ్చి నిలవడేది. దూలం కుంగింది, చక్రాలు పల్లానికే పోతయ్ అన్నడు మత్తయి. కింద ఊత గుంజ పెట్టి, కొత్త దూలం వచ్చేదాంక ఎవ్వలూ తీయొద్దన్నడు."

"కొత్త దూలం వచ్చిందా?"

"శనివారం వచ్చింది. బావనే తెచ్చిండు. చెదలు పట్టొద్దని అంతా తారు పూసి ఉండె. మత్తయి దాన్ని ఎక్కిచ్చి ఊత తీసేసిండు. తెల్లారి ఆదివారమే…" ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని కూలీల వైపు చూసింది. "అన్నా, మీరు పట్నం పోయేటప్పుడు ఒక దుప్పటి పట్టుకపోతరా? దవాఖానల పల్చటిది ఇచ్చిన్రంట. చలికి వణుకుతున్నడంట. జర దళం ఉన్నది చూసి ఇస్త."

బాల్‌రాజ్ గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"ఏమన్నవ్?"

"దుప్పటి అన్నా…"

"కాదు. ఎసొంటి దుప్పటి?"

"దళం దుప్పటి. మందంగ ఉండేది." భూలక్ష్మి బెదిరిపోయింది. "తప్పన్ననా?"

బాల్‌రాజ్ కోటిలింగం వైపు తిరిగాడు. ఇన్‌స్పెక్టర్ జేబులోంచి సిగరెట్ తీయబోయి అలాగే ఆగిపోయాడు.

"దళసరి…" అన్నాడు కోటిలింగం మెల్లగా. "మా వైపు దళసరి గుడ్డ అంటాం."

"ఏడాదినుంచి మన చెవులకు దళమంటే తుపాకులే. నాకూ అంతే. మత్తయి చెప్పింది కట్టె సంగతి! నాలుగైతే ఆగదు, ఆరు కావాలె. ఆరుగురు మనుషులు కాదు ఇన్‌స్పెక్టర్ సాబ్, ఆరంగుళాల మందం. ఎక్కిచ్చింది దూలాన్ని. ఎత్తింది దూలాన్ని. దొరకే చెప్పి తెప్పిచ్చిన అన్నడు, మీరు నవ్విన్రు. గదే నిజం."

కోటిలింగం మొహం ఎర్రబడింది. "మాటల గారడీ! ఒప్పుకుంటాను, వాడన్నది కట్టె గురించే అనుకుందాం. మరి కిష్టారెడ్డి మాటో? 'దళం తీసింది, అన్నా' అన్నాడే! కట్టె మందం వచ్చి ఊత లాగేసిందా?"

బాల్‌రాజ్ భూలక్ష్మిని అడిగాడు. "ఆ మాట అన్నప్పుడు నీ పెనిమిటి పక్కన ఎవరున్నరు?"

"నేనే. నేనొక్కదాన్నే. చప్పుడినంగనే ఉరికొచ్చిన."

"జంగారెడ్డి?"

"బావ ఇంకా రాలె. నేనే ఆయన తల ఒళ్లె పెట్టుకున్న. ఆయన ఏమన్నడో తరవాత నేనే బావకు చెప్పిన."

"అంటే నీతోని మాట్లాడిండు. మరి 'అన్నా' అని ఎవరిని పిలిచిండు?"

"పిలువలే." భూలక్ష్మి ఆ మాటను ఇప్పుడే మళ్లీ వింటున్నట్టు గాలిలోకి చూసింది. "దీర్ఘం తీయలే. పిలిచినట్టు లేదు. చెప్పినట్టున్నది. దళం తీసింది… అన్న."

గడ్డపార రాతికి తగిలి ఠంగుమంది.

"దళం తీసింది అన్న," అన్నాడు బాల్‌రాజ్. "మందం తొలిచింది ఎవరంటే, అన్న. తన అన్న."

"లేస్తంది, లేస్తంది! జరుగుండ్రి!" కూలీలు కేక వేశారు. తలుపు మూలుగుతూ గోడకు ఒరిగింది.

కింద దూలం సగభాగం వెల్లకిలా ఉంది. బాల్‌రాజ్ మోకాళ్ల మీద కూర్చుని, దాన్ని గది లోపలివైపు ఉండే ముఖం పైకి వచ్చేట్టు దొర్లించాడు. తారు పూతలో సన్నని గీత కనిపించింది. గీత వెంట కత్తి మొన పెట్టి లేపాడు. బల్లచెక్క మూత ఊడొచ్చింది. లోపల విరిగిన కొస దాకా పొడుగ్గా గొయ్యి. ఉలి గాట్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"ఆరంగుళాల దూలంల మిగిలింది రెండే. నలుగురికే లేచిందంటే లేవదా మరి! గింత డొల్లకు గంత తలుపు వేలాడదీస్తే ఒక్క రాత్రి ఆగుడే ఎక్కువ." బాల్‌రాజ్ గొయ్యిలో వేలు పెట్టి వాసన చూశాడు. కోటిలింగం వైపు చెయ్యి చాచాడు. "ఇది మీకే బాగ తెలుస్తది."

కోటిలింగం వాసన చూడక్కర్లేకపోయింది. తుపాకి నూనె.

గొయ్యి చివర ఒక పేడు పైకి లేచి ఉంది. దానికి ఖాకీ పట్టీ ముక్క చిక్కుకుని ఉంది. తొందరలో లాగినప్పుడు చిరిగిన ముక్క. కోటిలింగం దాన్ని విడదీశాడు. పట్టీ ఒకచోట తెగితే ఎవరో నల్లటి దారంతో కుట్టుకున్నారు. మామూలు కుట్టు కాదు. చిన్న చిన్న ముడులు, వల అల్లినట్టు.

ఇన్‌స్పెక్టర్ ఆ ముడుల మీద వేలు నడిపాడు.

"ఇది మావాడి ముడి," అన్నాడు. "రైఫిల్ పట్టీ తెగితే స్టోరుకు పంపరా అంటే వినలేదు. వల కుట్టే చేతులు సార్, పట్టీ కుట్టలేనా అన్నాడు. నేను తిట్టాను కూడా." ముక్కను గుప్పిట్లో బిగించాడు. "నూకయ్య ఆ వారమంతా జంగారెడ్డి ఇంటి ముందే కాపలా. ఏదో చూశాను, మీకే చెప్పాలి అని కబురుపెట్టాడు. నా దగ్గరికి వస్తూనే దారిలో పడిపోయాడు. దళం చంపిందన్నది ఎవరనుకున్నారు? జంగారెడ్డే వచ్చి చెప్పాడు. నేను నమ్మాను."

"నూకయ్య నోరు మూసి, గా తుపాకి దాచెతందుకే దూలం తొలిచిండు. తలుపు కుంగితే ఎందుకని కిష్టారెడ్డి పైకి చూసిండు. నెర్రెలిచ్చిన మూత సందుల తుపాకి కనవడ్డది. గంతట్లనే దూలం విరిగింది," అన్నాడు బాల్‌రాజ్. "తరవాత తుపాకి ఎటుపోయింది చెల్లె?"

భూలక్ష్మి లోపలి గది వైపు చెయ్యి చూపింది. "నేను నీళ్లకు ఉరికిన. తిరిగొచ్చేటాలకు బావ ఈ అర్రల నుంచి బయటికొస్తున్నడు. గొంగడి కప్పుకొని ఉన్నడు. గంత ఎండల గొంగడేందని అనుకున్న, ఆయన గోసల మర్చిపోయిన." ఒక్కసారి ఆమె మొహం పాలిపోయింది. "ఇందాక లారీ ఎక్కేటప్పుడు కూడ గొంగడి చుట్టిన మూట ఉండె. పొడుగ్గ ఉండె. నాగలికర్ర పట్నం తీస్కపోతున్న అన్నడు!"

లారీలో మత్తయి ఉన్నాడు. దూలం ఎవరు తెచ్చారో చెప్పగలవాడు. ఆ లారీ చేరే చోట కళ్లు తెరిచిన కిష్టారెడ్డి ఉన్నాడు.

కోటిలింగం అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

*

జీపు ఆపకుండా పోనిచ్చారు. పట్నం సడక్ మీద లారీ కనిపించలేదు. వెనక్కి తిప్పి మంచాల దారి పట్టారు. బోళ్లగుట్ట మలుపులో లారీ రోడ్డు పక్కన నిలబడి ఉంది. హెడ్డు, కానిస్టేబుల్, డ్రైవరు నీడలో కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. ఇన్‌స్పెక్టర్‌ను చూడగానే లేచి సెల్యూట్ కొట్టారు.

"ముద్దాయి ఏడీ?"

"దొరగారు తీసుకెళ్లారండి. గుట్టలో దళం ఆయుధాల డంపు చూపిస్తానని ముద్దాయి ఒప్పుకున్నాడంట. ఎక్కువమంది వస్తే వాళ్లు పారిపోతారు, మీరిక్కడే ఉండండన్నారు." హెడ్డు తడబడ్డాడు. "మీరే చెప్పారు కదండీ, ఆయన మాట వినమని."

కోటిలింగం గుట్ట వైపు చూశాడు. చెప్పింది తనే.

"బేడీలు?" అడిగాడు బాల్‌రాజ్.

"ఉన్నాయండి. తీయొద్దన్నారు."

బేడీలతోనే తప్పించుకోబోయాడు, అందుకే కాల్చామని రేపు కాగితం రాసుకోవచ్చు. అందరూ నమ్ముతారు. పొద్దుటిదాకా ఈ ఇన్‌స్పెక్టరే నమ్మేవాడు.

ఇద్దరూ గుట్ట ఎక్కారు. ఇసుకలో రెండు జతల అడుగులు కనిపించాయి. ముందు వట్టికాళ్లు, వెనక చెప్పులు. వట్టికాళ్లు మధ్యలో ఒకచోట తడబడి మోకాళ్ల మీద పడ్డ గుర్తు ఉంది. లేపి నడిపించినట్టు మళ్లీ అడుగులు. ఎక్కడా తుపాకి చప్పుడు వినిపించలేదు. ఆ నిశ్శబ్దమే కోటిలింగానికి ఆశ. పిస్తోలు తీసి పట్టుకుని బండల మధ్య సందు వైపు నడిచాడు. బాల్‌రాజ్ భుజం పట్టుకుని ఆపబోయాడు, ఆయన విదిలించుకున్నాడు.

"మత్తయీ!" అరిచాడు కోటిలింగం. "నేను ఇన్‌స్పెక్టర్ని! నీ తప్పేం లేదు, మాకు తెలిసింది! ఎక్కడున్నావు?"

బండల నడుమ ఆ కేక రెండుసార్లు మోగి ఆగింది. అటువైపు బేడీల గొలుసు గలగలమంది. ఎవరో ఎవరినో కొట్టిన చప్పుడు. తరవాత, గొంతు చించుకుని మత్తయి అరుపు వచ్చింది.

"రావొద్దు దొరా! నేలకు పండుకోండ్రి! తుపాకి నా మీద లేదు, మీ మీదనే పెట్టిండు!"